డాక్టరమ్మ మొదట అడిగేది

పొద్దున్నే క్లినిక్ తలుపు తీయగానే పిల్లి మూత్రం వాసన గుప్పున కొడుతుంది. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ప్రాణం లేచి వస్తుంది. పిల్లి మూత్రం పోసింది కదా, ఇంకేం కావాలి! ఈ పిచ్చి నాకు అంటించింది డాక్టర్ సరోజినిగారు. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. మలేషియా పక్కనే ఉన్న ఈ ద్వీప నగరంలో, పాయా లేబర్ అనే పేటలో ఆమె నడిపే పెంపుడు జంతువుల క్లినిక్‌లో సహాయకురాలిగా చేరేనాటికి పిల్లిని ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు.

చదువుకునే రోజుల్లో ఆమె విదేశంలో ఫెర్రెట్లకు వైద్యం చేశారట. ముంగిసలా సన్నగా సాగి ఉండే ఆ జంతువును ఇక్కడ పెంచుకోనివ్వరు. మాంసం తినాల్సినదానికి గింజల తిండి పెడితే మూత్రంలో రాళ్ళు కడతాయనీ, నీళ్ళు తక్కువ తాగితే ఇంకా తొందరగా కడతాయనీ వాటి దగ్గరే నేర్చుకున్నారు. "మగపిల్లులకూ అదే గండం" అనేవారు. అందుకే ఆమెకో పద్ధతి ఉండేది. పిల్లికి ఏం పెడుతున్నారని అడగరు. రాత్రి మీ ఇంట్లో ఏం వండుకున్నారని అడుగుతారు. పిల్లి తిండి గురించి అందరూ గొప్పలు పోతారు, తమ కూర గురించి మాత్రం నిజమే చెబుతారని ఆమె నమ్మకం.

ఒక మధ్యాహ్నం నగరం అవతలి కొసన ఉన్న జురాంగ్ వెస్ట్ నుంచి లలిత అనే గుంటూరమ్మాయి పిల్లిని బుట్టలో పెట్టుకుని పరుగున వచ్చింది. పేరు బుజ్జి, బొద్దుగా ఉన్న మగపిల్లి. నిన్నటి నుంచి ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతోందట. "మలబద్ధకమేమో అనుకుని కాస్త ఆముదం పట్టించామండీ" అంది. డాక్టరమ్మ పొట్ట తడిమి చూశారు. మూత్రాశయం గట్టిగా బిగుసుకుపోయి ఉంది. మలబద్ధకం కాదు, మూత్రం ఆగిపోయింది.

"రాత్రి మకాన్, అదే తిండి, ఏంటమ్మా? ఏం వండుకున్నారు?"

లలిత తెల్లబోయింది. "ముద్దపప్పు, పెరుగన్నం. మా అత్తయ్య వంటింట్లోకి గుడ్డు కూడా రానివ్వరండీ."

"వీడికీ అదేనా?"

"మాతోపాటే తింటాడు. ఇంట్లో పిల్లాడే కదండీ!"

"పిల్లాడే, కాదనను. కడుపు మాత్రం పిల్లిదే లా" అన్నారు డాక్టరమ్మ, ఇక్కడివాళ్ళలా మాట చివర "లా" తగిలించి.

మత్తిచ్చి మూత్రనాళంలోకి సన్నని గొట్టం ఎక్కించబోతే, లోపల ఇసుకలాంటిది అడ్డుపడి కదలదు. ఇంకా ఆలస్యమైతే ఒళ్ళంతా విషమైపోతుంది. బయట నుంచి లలిత ఏడుపు వినిపిస్తోంది. నేను బుజ్జి కాళ్ళు పట్టుకుని కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. చాలాసేపటికి ఎర్రటి మూత్రం, దాంతోపాటు రజను, బొట్లుబొట్లుగా పడింది.

"మీకు భయం వేయదా మేడమ్?" అన్నాను.

"వేయకేం? భయం వేసినప్పుడే అడిగేయాలి. ఈ అమ్మాయిని పిల్లి తిండి గురించి ముందే ఎవరూ అడగలేదు, చూడు."

బుజ్జి కోలుకున్నాక లలిత చేపల డబ్బా తెరిచి, చున్నీతో ముక్కు మూసుకుని, తన చేత్తోనే తినిపించింది. గిన్నె బాల్కనీలో పెట్టుకుంటే సరేనని అత్తగారు ఒప్పుకున్నారట.

డాక్టరమ్మ ఇప్పుడు లేరు. ఆమె భయం మాత్రం నాకు దక్కింది. పిల్లి ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆకలి కంటే ముందు గుబులు మొదలవుతుంది. పప్పు బాగుందా అని వాళ్ళు అడుగుతారు. వాళ్ళ వంట ఎలాగూ నా కంచంలోనే కనిపిస్తుంది కనుక, మీ పిల్లికేం పెట్టారని నేను అడుగుతాను. జవాబు వినేదాకా రెండో ముద్ద ఎత్తను.