నేను తుడిచేసిన ఇరవై మూడో వరుస

మా గుంపులో ఒక నియమం నేనే పెట్టాను. ఫోన్లలో అందరం కలిసి రాసే షీటులోకి ఒకసారి ఎక్కిన గుర్తును తుడిచేయకూడదు. తప్పని తేలితే దాని మీద గీత కొట్టి, పక్కన కారణం రాయాలి. కాలేజీలో ల్యాబు రికార్డు రాసేటప్పుడు మాకు నేర్పిన పద్ధతి అది. ఏడుగురిలో ఆ నియమం తప్పినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

తిరుపతి వాళ్లం నలుగురం, చిత్తూరు వాళ్లు ముగ్గురు. మమ్మల్ని కలిపింది ఒక విదేశీ రాక్ బ్యాండు. మాలో చాలామంది పుట్టకముందే వాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లందరికీ డెబ్బై దాటింది. చివరి ఆల్బం వచ్చి పదకొండేళ్లయింది. తర్వాతిది వస్తుందా, వస్తే ఎప్పుడు అన్నదే మా చర్చంతా. వెబ్‌సైటు రంగు మారితే ఒక గుర్తు. పాటగాడు ఒక కచేరీ రద్దు చేసుకుంటే ఇంకో గుర్తు. డ్రమ్మరు మనవరాలు పెట్టిన ఫొటోలో వెనక ఒక మైకు కనబడితే దానికి రెండు రోజుల వాదన. ప్రతి గుర్తుకూ షీటులో ఒక వరుస: ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, సున్నా నుంచి అయిదు దాకా ఎంత బరువు. నేను రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెస్టింగ్ ఇంజనీరును. పట్టికలు వేయడం నాకు ఉద్యోగమూ, జబ్బూ.

ఆ ఏడు మాఘంలో, బ్యాండు గిటారిస్టు ఒక ఫొటో పెట్టాడు. రికార్డింగు గది, శబ్దాలు కలిపే పెద్ద కన్సోలు, దాని ముందు అతని చెయ్యి. కింద మాట ఏమీ లేదు. గుంపు ఊగిపోయింది. నేను ఆ ఫొటోకు అయిదు బరువు వేసి, అన్నీ కలిపి లెక్కగట్టి, ఉగాదిలోపు ఆల్బం వస్తుందని ప్రకటించాను. ఆ రోజు నుంచి నాకు ‘జోస్యం సారు’ అని పేరు పడింది. ఎగతాళే, కానీ నాకు నచ్చింది.

మూడు రోజుల తర్వాత, ఫ్యాక్టరీ క్యాంటీనులో తింటూ ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. కన్సోలు మీద వందకు పైగా నల్ల మీటలున్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రది. ఎప్పుడో విరిగితే వేరేది తగిలించినట్టున్నారు. ఆ ఎర్ర మీటను నేను ఇంతకు ముందే చూశాను. ఇంటికొచ్చి వాళ్ల చివరి ఆల్బంతో వచ్చిన చిన్న పుస్తకం తీశాను. అదే మీట, అదే వరుసలో. పక్కన అదే గాజు గ్లాసు, అంతే ఎత్తున నీళ్లు. గిటారిస్టు పెట్టింది పదకొండేళ్ల నాటి ఫొటో.

షీటులో కొత్తగా ఇరవై మూడో వరుస చేర్చి రాశాను: ‘ఫొటో పాతది. బరువు సున్నా. ఉగాది లెక్క నిలవదు.’ ఎవరైనా చూశారా అని కాసేపు ఆగాను. ఎవరూ చూడలేదు. వరుస మొత్తం తుడిచేశాను. ఆదివారం అందరం కలుస్తున్నాం. జోస్యం సారు అనే పేరు వారం కూడా నిలవకుండా పోతుందని తప్ప, ఇంకో కారణం లేదు.

మేము కలిసేది చంద్రగిరి కోటలో, రాజమహలు ముందు పచ్చికలో. రెండు ఊళ్లవాళ్లకూ బస్సు దొరుకుతుంది. ఆ ఆదివారం చిత్తూరు అన్న కాస్త ఆలస్యంగా వచ్చాడు. మాలో పెద్దవాడు ఆయనే. యాభై నాలుగేళ్లు. కోర్టు ఎదురుగా అఫిడవిట్లు, దరఖాస్తులు టైపు చేసే చిన్న షాపు ఆయనది. కుర్రతనంలో వేలూరు పోయి ఈ బ్యాండు క్యాసెట్లు తెచ్చుకున్న మనిషి. వాళ్ల రికార్డుల్లో ఒక గిటారు ఎప్పుడూ ఎడమ చెవిలో, రెండోది ఎప్పుడూ కుడి చెవిలో వినిపిస్తాయి. అవి రెండూ మాట్లాడుకుంటాయని నాకు మొదట చూపించింది ఆయనే.

“ఏమప్పా జోస్యం సారూ, ఉగాది ఖాయమేనా?” అన్నాడు కూర్చుంటూనే.

“సారుకు తాంబూలం పెట్టి అడగాలన్నా, ఊరికే సెప్పడు,” అన్నాడు మాలో ఒకడు. అందరూ నవ్వారు.

“నవ్వులాట కాదబ్బా,” అన్నాడు చిత్తూరు అన్న. “ నా కుడి సెవి ఎనకాల ఎముకను లోపల గడ్డ తినేస్తా ఉండాదంట. ఆపరేషను బిరీన సేయించుకోమన్నారు. సేస్తే ఆ సెవికి ఇనికిడి మిగులుతుందో లేదో సెప్పలేమన్నారు. అందుకని ఉగాది అయినాక పెట్టుకుంటామని సెప్పొచ్చినా. ఒక్కసారి రెండు సెవులతో ఇనేసి, ఆమైన కోసుకోమంటా.”

“వదిన ఏమనింది?”

“ఏమంటాది? ‘ఆ ముసిలోళ్ల పాట కోసరం సెవి పోగొట్టుకుంటావా’ అని తిట్టింది. ఇంజనీరు లెక్క గట్టినాడే, పట్టుమని రెండు నెల్లు గూడా లేదని సెప్పినా.”

అందరూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పడానికి నాకు కావలసింది ఒక్క వాక్యం. నేను “లెక్క ప్రకారం అంతేనన్నా” అన్నాను.

ఉగాది వచ్చింది, పోయింది. ఆల్బం రాలేదు. “ఇంకో నెల సూస్తాం” అన్నాడు ఆయన. వైశాఖంలో ఒక పొద్దున షాపులోనే తల తిరిగి పడిపోయాడు. తిరుపతిలో ఆపరేషను చేశారు. ప్రాణానికి ప్రమాదం లేదు గానీ, గడ్డ లోపలి చెవి దాకా పోయింది. కుడి చెవికి ఇక ఏమీ వినిపించదు. ముందే వచ్చి ఉంటే వినికిడి కొంత మిగిలేదేమో అన్నారట.

ఆల్బం దసరా దాటాక, ఏ గుర్తూ లేకుండా ఒక శుక్రవారం వచ్చింది. మొదటి ఫోను చిత్తూరు నుంచే. “అబ్బా, నాకు ఒక గిటారే ఇనిపిస్తా ఉండాది. రెండూ కలిపి ఒకే పక్కకు పెట్టీగలవా?”

అది పెద్ద పని కాదు. పది పాటల్లోనూ రెండు వైపులా కలిపేసి, ఒకే చెవికి సరిపడేలా చేసుకుని ఆదివారం చిత్తూరు బస్సెక్కాను. కోర్టుకు సెలవు. షాపులో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఎడమ చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని, కళ్లు మూసుకుని నాలుగో పాట దాకా విన్నాడు.

“అన్నీ ఉండాయా దీంట్లో?” అన్నాడు, ఇయర్‌ఫోను తీసి నా వైపు తిరిగి.

“లేవన్నా. ఈ పాటలో వెనక ఒక పలచటి శబ్దం ఉంటాది. ఎడమలో దాని అల పైకి లేచేటప్పుడు కుడిలో కిందికి దిగుతాది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. దాన్ని నేను మిగిలించలేకపోయినా.”

ఆ తర్వాత, నోరు తెరిచినప్పుడే చెప్పేయాలని, ఎర్ర మీట గురించి, పాత పుస్తకం గురించి, తుడిచేసిన వరుస గురించి అంతా చెప్పాను. తల వంచుకుని, గొంతు తగ్గించి చెప్పాను. ముగించి తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు.

“ఈపక్కకొచ్చి సెప్పు. ఆపక్కన ఏం సెప్పినా నాకు ఇనపడదని తెలుసు గదా.”

నేను ఆయన కుడివైపు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఎడమవైపు కుర్చీ ఖాళీగానే ఉంది. రాగానే ఎందుకు అక్కడ కూర్చోలేదో నాకు తెలియదు అని రాస్తే అబద్ధం అవుతుంది. లేచి వెళ్లి, కుర్చీలో కూర్చుని, మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పాను. రెండోసారి ఒక్కో మాటా బరువుగా వచ్చింది.

“నీకు ఎప్పుడు తెలిసె?”

“చంద్రగిరిలో కలిసేదానికి ముందేనన్నా.”

“నేను ఆపరేషను సంగతి సెప్పేటప్పటికే?”

“అప్పటికే.”

ఆయన కీబోర్డు మీద కప్పిన గుడ్డను సరిచేశాడు. “భయం నాదే. సాకు కోసరం ఎతుకుతా ఉన్నింది నేనే. అది నీ మీద ఎయ్యను,” అన్నాడు. ఇయర్‌ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ అన్నాడు: “అయినా ఆ వరుస ఉండింటే, మీ వదినకు సెప్పను నా కాడ సాకు ఉండేది కాదబ్బా.”

నాలుగో పాట మళ్లీ పెట్టమన్నాడు. “ఆ పోయిన సప్పుడు యాడొస్తాదో సేత్తో సూపీ” అన్నాడు. పాట నాకు కంఠతా వచ్చు. ఆ శబ్దం ఉండాల్సిన చోటల్లా వేలు పైకెత్తాను, పోగానే దించాను. ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. నా వేలినే చూస్తూ విన్నాడు.

నేను చిత్తూరు పోయినప్పుడల్లా ఆయన బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించేవాడు. ఆ రోజు షాపు మెట్టు మీదే ఆగిపోయాడు.