టైలరమ్మ చెవి బిరడాలు

అత్త మాట చెవిన పడకుండా టైలరమ్మ చెవుల్లో బిరడాలు బిగించుకుంటుందని మూడంతస్తుల ఆ భవనమంతా గుప్పుమంది. పుట్టించింది పైవాటా ఆవిడ. గాలికి పుట్టించిన మాట కాదు, కళ్లారా చూసింది. కప్పుడు చక్కెర కోసం వచ్చి గుమ్మంలో నిలబడితే, అత్తగారు స్నానాల గదిలోంచి "అమ్మాయ్, పాలు పొంగుతున్నట్టున్నాయే, చూడు!" అని గొంతు చించుకుంటోంది. కోడలేమో మిషను ముందు కూర్చుని, తనలో తనే నవ్వుకుంటూ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. చెవిలోంచి నీలం రబ్బరు మొన ఒకటి బయటికి కనిపిస్తోంది. పాలన్నీ పొయ్యి మీదికి పోయాయి.

టైలరమ్మకి ఈతంటే ప్రాణం. పొద్దస్తమానం మిషను మీద వంగి పడిపోయిన నడుముకి, వీధి చివరి స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్లకి కేటాయించిన గంటే మందు. నీళ్లలోకి దిగిందంటే తనకొక నడుముందనే మరిచిపోతుంది. చేతులు పొట్టిగా కుట్టావని సాధించేవాళ్లూ గుర్తుకు రారు.

చిక్కల్లా కుడిచెవితోనే. అందులోకి నీళ్లు పోతే చాలు, ముందు పోటు, తర్వాత చీము. దూది పెట్టి చూసింది. తడిసి ముద్దయి ఊరుకుంది. దాంతో సొంత బుర్ర వాడింది. కోట్ల భుజాల్లో పెట్టే స్పాంజి ముక్క తీసుకుని, చెవికి సరిపడా గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ సన్నని కుట్టు కూడా వేసింది. అది కడుపునిండా నీళ్లు తాగి చెవిలోనే ఇరుక్కుపోయింది.

డాక్టరమ్మ దాన్ని పట్టుకారుతో లాగి, దీపం దగ్గర తిప్పి చూసింది. "కుట్టు బాగుందమ్మా. కానీ స్పాంజి ఉన్నదే నీళ్లు పీల్చడానికి కదా! చెవి మానేదాకా నీళ్లలో దిగకు. ఆ తర్వాత ఈతకి వాడే రబ్బరు బిరడాలు సరైన సైజువి పెట్టుకో. మళ్లీ చీము పట్టిందా, ఇక ఈత మాటే ఎత్తొద్దు."

టైలరమ్మ రెండుసార్లు దెబ్బ తిన్నది, మూడోసారి సాహసించలేకపోయింది. ఈత బట్టలు మడిచి బీరువా అడుక్కి తోసేసింది.

"మానేస్తేనేం లెండి, అత్తయ్యా," అంది నడుము పట్టుకుని.

"నువ్వు మానేస్తే మానేశావు, నీ మూలుగులు వినలేక నేను చస్తున్నానే!" అంది అత్తగారు.

చెవి మానాక నీలం బిరడాలు వచ్చాయి. మొదటిరోజు భయపడుతూనే తల ముంచింది. పైకి లేచి, అలవాటుగా ఒంటికాలి మీద గెంతింది. చెవిలో చుక్క కదిలితే ఒట్టు! ఆ సంబరంలో బిరడాలు తీయడం మరిచిపోయి ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. పాలు పొంగింది ఆ పూటే.

మర్నాడు పైవాటా ఆవిడ మెట్ల మీద అత్తగారిని పట్టుకుంది. "పిలిచినా పలకదు కదండీ! ఎలా భరిస్తున్నారో ఏమిటో!"

"భరించేది అదేనమ్మా. నా నోరు నీకు తెలీదు," అంటూ అత్తగారు కూరల సంచి చెయ్యి మార్చుకుని మెట్లెక్కేసింది.

ఆ జవాబులో పసలేదని పైవాటా ఆవిడ దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఆ బిరడాలు ఎక్కడివని అడగనూ లేదు.

కొన్నది అత్తగారే. కోడలు మిషను మీద తలవాల్చి కునుకు తీస్తుంటే, ఆమె మెడలోని టేపుతోనే చెవి కొలుచుకుని మరీ కొట్టుకి వెళ్లింది.