పద్నాలుగో బెడ్డు, తొమ్మిది గంటల మెసేజి

యేసుకుమార్ ఏం ఉద్యోగం చేస్తాడో అతని భార్య మార్తకే సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "ఆస్పత్రిలో కంప్యూటర్లు చూస్తారండి" అంటుంది. ఆ మాట పట్టుకుని గుణదలలో వాళ్ళ వీధివాళ్ళంతా పాడైపోయిన ప్రింటర్లూ, ఆన్ కాని ల్యాప్‌టాపులూ తెచ్చి వాళ్ళ వరండాలో పడేసి పోతుంటారు. అతను సణుక్కుంటూనే బాగుచేసి ఇస్తాడు. మొహమాటస్తుడు, ఏం చేస్తాం. నిజానికి ప్రింటర్లకీ అతనికీ సంబంధం లేదు. అతను చూసేది లేని కంప్యూటర్లని.

లేని కంప్యూటర్లేమిటని నవ్వకండి. సూర్యారావుపేటలో అతను పనిచేసే ఆస్పత్రి, పేరెందుకు లెండి, మూడో అంతస్తులో ఒక ఏసీ గది ఉంది. అందులో బీరువా అంత ఇనప పెట్టె ఒకటుంది. దాని లోపల ఇరవై రెండు కంప్యూటర్లు బతుకుతున్నాయి. మందుల కౌంటరుది ఒకటి, ల్యాబుది ఒకటి, వార్డులది ఒకటి, అలా. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. ఒక్కదానికీ ఒళ్ళు లేదు. అయినా దేనికది ఆ పెట్టె మొత్తం తనదేననుకుంటుంది. దాని డిస్కు నిజం డిస్కు కాదు, స్టోరేజిలో పడి ఉన్న ఒక పెద్ద ఫైలు. దాని నెట్‌వర్కు వైరు నిజం వైరు కాదు, తెర మీద ఒక చిన్న గడిలో పెట్టే టిక్కు. టిక్కు ఉంటే అది లోకంతో మాట్లాడుతుంది. తీసేస్తే గది తలుపు వేసి గొళ్ళెం పెట్టినట్టే, ఎంత అరిచినా బయటికి వినపడదు. ఎవరి కంటికీ కనపడని ఈ ఇరవై రెండింటినీ పద్నాలుగేళ్ళుగా సాకుతున్నాడు యేసుకుమార్.

అతని తండ్రి ఏసుపాదం పామర్రు దగ్గర కాలవ మీద లస్కరుగా చేశాడు. షట్టర్లు ఎత్తి దించి పొలాలకు నీళ్ళు వదిలే పని. ఉన్న నీళ్ళకంటే ఎక్కువ ఎకరాలకు మాట ఇచ్చేవారట ఆ రోజుల్లో, అందరూ ఒకే పూట తూములు తెరవరన్న ధైర్యం మీద. కొడుకూ స్టోరేజి అలాగే పంచాడు. ఉన్న చోటు పది పాళ్ళయితే, మెషీన్లకు పదహారు పాళ్ళని చెప్పి ఇచ్చాడు. ఈ పనిలో అందరూ చేసేదే, తప్పేమీ కాదు. అందరూ ఒకేసారి తెరవనంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

2021 మే నెలలో అందరూ ఒకేసారి తెరిచారు.

ఆ నెల సంగతి మీకూ నాకూ చెప్పుకోనక్కర్లేదు. కరోనా వార్డులోకి బంధువుల్ని రానివ్వలేదు. గేటు బయట ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు జనం. వాళ్ళ కోసమే యేసుకుమార్ ఒక ఏర్పాటు చేశాడు. నర్సులు ట్యాబుల్లో రాసింది తీసుకుని, రోజూ పొద్దున తొమ్మిదింటికి వార్డు మెషీను ప్రతి ఇంటికీ ఒక మెసేజి పంపేది. 'మీ పేషెంటు స్థిమితంగా ఉన్నారు. ఇడ్లీ తీసుకున్నారు.' అంతే, అంతకంటే ఏముంటుంది. కానీ ఆ రెండు ముక్కల కోసం వందల మంది ఫోన్లు చేతుల్లో పట్టుకుని కూర్చునేవారు. నర్సులు రాయడం ఆలస్యమై మెసేజి రాకపోతే గేటు దగ్గర ఏడుపులు, కేకలు. అది చూడలేక అతను రెండు లైన్లు అదనంగా రాశాడు. కొత్తది రాకపోతే నిన్నటిదే మళ్ళీ పంపమని. మంచికే రాశాడు, పాపం. ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు.

మే ఇరవై రెండో తేదీ తెల్లవారుజామున స్టోరేజి నిండిపోయింది. వార్డు మెషీను చచ్చిపోలేదు గానీ, దేన్నీ డిస్కు మీద రాసుకోలేక నర్సులు పంపినవన్నీ మెమరీలోనే పట్టుకుని కూర్చుంది. తొమ్మిదింటికి ఒక నిమిషం ముందు యేసుకుమార్ చూసుకున్నాడు. కంగారులో కూడా పనివాడి జాగ్రత్త పోదు కదా, ముందు స్నాప్‌షాట్ తీశాడు. అంటే మెషీను ఆ క్షణంలో ఎలా ఉందో, డిస్కూ మెమరీతో సహా, అలాగే గడ్డకట్టించి పక్కన పెట్టడం. తర్వాత చోటు ఖాళీ చేసి, మెషీను ఆపి మళ్ళీ వేశాడు. వేసేసరికి మెమరీలో ఉన్నవన్నీ పోయాయి. రాత్రి ఎంట్రీలు మాయం. కొత్తవి లేకపోయేసరికి మెషీను అందరికీ నిన్నటి మెసేజే పంపేసింది. నర్సులు తర్వాత గుర్తున్నంత రాశారు.

ఆ ఎంట్రీలు స్నాప్‌షాట్‌లో ఇంకా ఉన్నాయని అతనికి తెలుసు. మరుసటి ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి పాత మెషీనుని మూసేశారు. అయినా స్టోరేజి జాబితాలో '22 మే ఉదయం' అన్న పేరు కనపడుతూనే ఉండేది. మూడు నెలలకోసారి పాత ఫైళ్ళు తీసేసేటప్పుడు దాని దాకా వచ్చి చెయ్యి ఆగిపోయేది. తీసేయలేడు, తెరవలేడు. ఆ తొమ్మిది గంటల మెసేజీల్లో ఎన్ని బతికున్నవాళ్ళవో, ఎన్ని కావో తెలుసుకోవాలంటే భయం. మార్తకు కూడా చెప్పలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఒకరోజు పదకొండు గంటలప్పుడు హెలెన్ సిస్టర్ ఒకావిణ్ణి వెంటబెట్టుకుని మూడో అంతస్తుకు వచ్చింది. హెలెన్ ఇప్పుడు నర్సులందరికీ పెద్ద. అప్పుడు ఆ వార్డులో రాత్రి డ్యూటీ.

"కుమార్, ఈవిడ రావమ్మగారని, ఉయ్యూరు నుంచి వచ్చారు. రికార్డ్స్ వాళ్ళు రెండు రోజులుగా తిప్పుతున్నారు. ఈవిడ భర్త మన వార్డులోనే పోయారు, పద్నాలుగో బెడ్డు. ఎన్నింటికి పోయారో కావాలంట."

"కాగితంలో ఉంటుందిగా సిస్టర్."

"కాగితంలో పదకొండూ ఇరవై అని ఉందండి," అంది రావమ్మ. యాభై ఏళ్ళుంటాయి, చేతిసంచీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. "కానీ హనుమాన్ జంక్షన్‌లో చక్రి అని ఒకతను కలిశాడు. మా ఆయన పక్క బెడ్డతను. తెల్లారకముందే ఆయన మంచం చుట్టూ తెర లాగేశారండీ అన్నాడు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

"ఇప్పుడు టైము తెలిస్తే ఏం చేస్తారమ్మా?"

ఆవిడ అతని మెడలో శిలువ చూసింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది.

"ఆ రోజు తొమ్మిదింబావు దాకా దశమండీ. తర్వాత ఏకాదశి. పదకొండూ ఇరవై అన్నారు కదాని మా అబ్బాయి ఏకాదశి నాడు ఆబ్దికం పెడుతున్నాడు. తెల్లవారుజామునే పోయుంటే దశమికి పెట్టాలి. తిథి తప్పితే ఆయనకి అందదు. మూడు ఆబ్దికాలుగా మా ఆయన పస్తున్నట్టేగా. మళ్ళీ వచ్చే నెలలో వస్తోంది."

హెలెన్ తల దించుకుంది. "ఆ వారం ఎంతమంది పోయారో నాకే గుర్తు లేదు కుమార్. నేను రాసినవి పోయాయి. పదకొండూ ఇరవై అనేది కాగితం రాసిన టైము."

తెలియదని చెప్పి పంపేయొచ్చు. ఎవరు అడగొచ్చారు? నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "కింద కూర్చోండమ్మా, అరగంటలో చెబుతాను" అన్నాడు యేసుకుమార్.

ఇద్దరూ వెళ్ళాక తలుపు వేసుకున్నాడు. పాత మెషీను తెరిచి మొట్టమొదట నెట్‌వర్కు టిక్కు తీసేశాడు. తీశానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత '22 మే ఉదయం' మీద నొక్కి, ఆ క్షణానికి పొమ్మన్నాడు.

ఇనప పెట్టెలో ఫ్యాన్ల మోత పెరిగింది. నల్లటి తెర వెలిగింది. మామూలుగా మెషీను లేస్తే వెల్‌కమ్ అనో ఏదో అంటుంది. ఇది అలా లేవలేదు. మాట మధ్యలో ఆపినవాడు తిరిగి అందుకున్నట్టు లేచింది. తెర మీద సగం కొట్టిన లైను ఒకటుంది. చివర్న రెండు అక్షరాలు తప్పు. అది తన లైనే. ఆ రోజు కంగారులో కొట్టింది. దాని పక్కన కర్సరు, మిగతాది కొట్టవేం అన్నట్టు ఆరుతూ వెలుగుతూ ఉంది. మూలన గడియారం మే ఇరవై రెండు, 2021, ఎనిమిదీ యాభై తొమ్మిది చూపిస్తోంది. యేసుకుమార్‌కి తలుపు తీస్తే కారిడార్‌లో కరోనా రోజుల తెల్ల సూట్లవాళ్ళే నడుస్తుంటారేమోనన్న పిచ్చి భయం వేసింది. నిజంగానే లేచి తలుపు తీసి చూశాడు. ఎవరూ లేరు. తుడిచిన ఫినాయిల్ వాసన.

వెనక్కి వచ్చి మెమరీలో ఆగిపోయిన ఎంట్రీలు తీశాడు. నలభై ఒకటున్నాయి. పద్నాలుగో బెడ్డుది వెంటనే దొరికింది. 'వెంకటసుబ్బారావు. 4.10. పల్స్ లేదు. డాక్టరుగారు చూశారు. హెలెన్.' కాగితం మీద రాసుకున్నాడు. నాలుగూ పది. దశమి. గుండెల మీంచి బండ దింపినట్టయింది.

ఇంతలో తెర మీద గడియారం తొమ్మిదయింది. మెషీను తన పని తాను మొదలుపెట్టింది. రాత్రి ఎంట్రీలు డిస్కు మీదికి ఎక్కలేదు కనుక దాని లెక్కలో కొత్తవి రానట్టే, నిన్నటివే తీసింది. బెడ్డు ఒకటి, మెసేజి పంపుతోంది. బెడ్డు రెండు, పంపుతోంది. పంపుకోనీ, దారి లేదుగా అనుకున్నాడు యేసుకుమార్. అంతలో ఒకటో బెడ్డు పక్కన 'చేరింది' అని వచ్చింది. రెండో దాని పక్కనా వచ్చింది.

టిక్కు ఉంది.

తను తీసిన టిక్కే. స్నాప్‌షాట్ ఆ రోజున్నదంతా ఉన్నట్టుగా తెచ్చి పెట్టింది, టిక్కుతో సహా. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారమే చెప్పే సంగతి, పద్నాలుగేళ్ళవాడు మర్చిపోయాడు. మౌసు చేతికి అందడం లేదు. టిక్కు తీసేసరికి పద్నాలుగో బెడ్డు పక్కన కూడా 'చేరింది' అని పడింది. ఆ పద్నాలుగు పేర్లనీ కొత్త రికార్డుల్లో ఒక్కొక్కటే చూశాడు. లేచి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఐదుగురు. మిగతా వాళ్ళంతా స్థిమితంగా ఉన్నారనీ, ఇడ్లీ తిన్నారనీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు ఇప్పుడే కబురు వెళ్ళింది.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. రావమ్మ వరస కుర్చీల్లో చివర్న కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. అతన్ని చూసి ఫోను పైకెత్తింది. తెర మీద ఒకే మాట రెండుసార్లుంది. పైన నాలుగేళ్ళ కిందటిది, కింద ఇప్పటిది.

"మళ్ళీ వచ్చిందండీ," అంది. గొంతు మామూలుగానే ఉంది.

యేసుకుమార్ ఆవిడ ముందు నేల మీదే కూర్చున్నాడు. అంతా చెప్పేశాడు. నాలుగూ పదికి పోయారని, పొద్దున్నే వచ్చిన ఆ మెసేజి ముందురోజుదని, అలా పంపమని రాసింది తానేనని, ఇవాళ పొరపాటున మళ్ళీ వదిలింది కూడా తానేనని. ఒక్కటీ దాచలేదు. దాచే ఓపిక అయిపోయింది అతనికి.

రావమ్మ ఫోనులో ఆ రెండు మెసేజీలూ మళ్ళీ చదివింది. తర్వాత అంది, "నాలుగు రోజులు మంచినీళ్ళు తప్ప ముట్టలేదండీ నేను. ఆ పొద్దున ఇది చూసి, ఆయన తిన్నాడు కదాని, గేటు ఎదురు బండి దగ్గర నేనూ రెండు ఇడ్లీలు తిన్నాను. శవం లోపల ఉండగా తిన్నాను."

ఆవిడ ఫోను మళ్ళీ ఎత్తి చూపించింది.

"ఇందాక ఇది మోగితే లేచి నిలబడ్డానండి. వార్డు ఏ వైపో అడుగుదామని. అన్నీ తెలిసిన దాన్నే. ఏటా తద్దినం పెట్టిస్తున్న దాన్నే." ఫోను మూసి సంచీలో పెట్టుకుంది. "ఇంకెవరికైనా వెళ్ళిందా?"

"పదమూడు మందికమ్మా."

"అయితే నా దగ్గర కూర్చుంటారేమిటి? చెయ్యండి ఫోను. వాళ్ళు కూడా లేచి నిలబడి ఉంటారు."

జాబితాలో మొదటిది అమలమ్మ, కూచిపూడి, ఒకటో బెడ్డు. ఆ ఏడాది మే ఇరవై నాలుగున పోయింది. యేసుకుమార్ నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. ఒక్క మోతకే ఎత్తారు. వెనక బస్సు చప్పుడు. ముసలాయన గొంతు.

"ఆస్పత్రి నుంచేనా అండి? మెసేజి చూసుకున్నానండి. బస్సెక్కేశాను. మా అమలమ్మకి ఇడ్లీ పడదండీ, కడుపుబ్బరం. దిగి ఎక్కడైనా జావ కాయించి తెస్తాను. నేనొచ్చేదాకా ఇంకేం పెట్టొద్దని సిస్టరుగారితో చెప్పండి."

యేసుకుమార్ జాబితాలో అమలమ్మ పేరు పక్కన తేదీ మళ్ళీ చూశాడు. రావమ్మ అతని చేతిలోంచి ఫోను తీసుకుని స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకుంది.

"బాబాయిగారూ, నేను పద్నాలుగో బెడ్డాయన తాలూకు మనిషినండీ. మీరొక్కరే వస్తున్నారా? సరే. బస్టాండులో దిగి అక్కడే కూర్చోండి, ఎటూ కదలొద్దు. నేనే వస్తున్నాను. వచ్చాక మాట్లాడుకుందాం."

ఫోను అతనికి తిరిగి ఇచ్చి లేచింది.

"మిగతా పన్నెండు మందికీ మీరే చెప్పండి," అని బయటికి నడిచింది.