ఎర్ర సుద్ద నిశాన్

ఆ రోజుల్లో మెడలో కెమెరా వేలాడితే చాలు, పాతబస్తీ మొత్తం నా కోసమే తయారై నిలబడిందనుకునేవాణ్ణి. (కెమెరా స్టూడియోది. మెడ మాత్రం నాదే.) సంతోష్‌నగర్‌లో మా గల్లీ అంతటికీ ఫొటోగ్రాఫరునని చెప్పుకున్నాను గానీ, ఉద్యోగంలో చేరి అప్పటికి వారం. మా యజమానిని వెనకాల 'అంగుళం సారు' అనేవాళ్ళం. ఫ్రేము అంగుళం జరిగినా ఆయనకు అన్నం సయించేది కాదు. వందల ఏళ్ళ కిందట ఒక పరదేశీ యాత్రికుడు గోల్కొండ నుంచి మూసీ దాటి నగరంలోకి వచ్చిన దారి ఇప్పుడెలా ఉందో చూపించే పుస్తకమొకటి ఆయన తలకెత్తుకున్నాడు. ప్రతి చోటా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఒకే జాగాలో నిలబడి ఫొటోలు తీయాలి. "జాగ జరిగిందంటే రేపటి సంది నువ్వు రాకు," అన్నాడు. నిలబడ్డ చోటు గుర్తుండేలా పక్క గోడ మీద గీసుకోమని తెల్ల సుద్దముక్క ఇచ్చాడు.

సున్నం గోడ మీద తెల్ల సుద్ద ఏం కనబడుతుంది? నా తెలివికి నేనే మురిసిపోయి ఎర్ర సుద్ద కొన్నాను.

పురానాపూల్ దాటాక ఒక ఇరుకు దారిలో, బర్రెలు కట్టేసిన ఇంటి గోడకు ఆనుకుని మొదటి ఫొటో తీశాను. వెనక్కి జరుగుతూ జరుగుతూ ఎడమ కాలు మురుగు పారే మోరీలో పెట్టాను. (ఫ్రేము చెడుతుందని కాలు తీయలేదు. అంగుళం సారు చూసుంటే కళ్ళకద్దుకునేవాడు.) తర్వాత గోడ మీద పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు గీశాను. పాలు పితుకుతున్న అవ్వ చెంబుతో సహా బయటికొచ్చింది.

"ఏంది బిడ్డా గది?"

"నిశాన్ అవ్వా. సాయంత్రం మళ్లొస్త."

"ఇయ్యాల్నేనా?"

"అవును, ఎండ చల్లబడ్డంక."

అవ్వ అక్కడే కూలబడింది. నా పనితనం చూసే కాబోలనుకున్నాను.

ఆ రోజు నాకు దొరికిన మర్యాద మా ఇంటి పెళ్ళిళ్ళలో కూడా దొరకలేదు. గుర్తు గీసిన ప్రతి చోటా చాయ్ వచ్చింది. పాన్ డబ్బా భాయ్ ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, "జర మాది సూస్కోండ్రి సాబ్," అన్నాడు. ఫొటోలో అందంగా రావాలని కాబోలు! "ఫికర్ చెయ్యకు భాయ్, నీ డబ్బా మొత్తం వస్తది," అని భరోసా ఇచ్చాను. భాయ్ మొహం ఎందుకు పాలిపోయిందో అర్థం కాలేదు. అవ్వ అయితే గిన్నెడు పెరుగు తెచ్చిచ్చింది. కళాకారుణ్ణి గౌరవించే జనం అని పొంగిపోతూ గిన్నె నాకేశాను.

సాయంత్రానికి నా నిశాన్లు ఒక్కటీ లేవు. ఒక చోట కడిగేశారు, ఇంకో చోట సున్నం కొట్టారు. అవ్వ గోడ నిండా తడి పిడకలు! ముందు డజను మంది నిలబడ్డారు.

"కాయితం చూపియ్," అన్నాడు పాన్ డబ్బా భాయ్.

"ఏం కాయితం?"

"రోడ్డు వెడల్పు కాయితం. పొద్దుగాల నిశాన్ కొట్టినవ్ కద!"

అప్పుడు వెలిగింది. అక్కడ గోడ మీద ఎర్ర నిశాన్ పడిందంటే ఒకటే అర్థం, ఆ గోడ రోడ్డులో కలిసిపోతుందని. కంగారుగా యాత్రికుడి కథంతా చెప్పాను. లొల్లి ఇంకా పెరిగింది.

"ఎన్నడో వచ్చిపోయినోడి తొవ్వకు ఇప్పుడు మా గోడ ఎందుకు కూలగొడ్తరు?"

"తొవ్వ అప్పుడెంత వెడల్పుండెనో మళ్ల గంత చేస్తరంట!"

నాకు ఏడుపొచ్చింది. "కూలగొట్టుడు కాదవ్వా, ఫొటోకు పెట్టుకున్న గుర్తు. అది దొరకకుంటే నా నౌకరి పోతది," అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. "గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్పద్దారా?" అంటూ తడి పిడకలు ఒక్కొక్కటే ఊడబీకింది. ఆ అడుగున పేడ పట్టిన ఎర్ర ఇంటూ బయటపడింది. "ఎడమ కాలు మోరీల పెట్టు, గట్లనే ఉంటివి," అని తనే నిలబెట్టింది. మిగతా జాగాలు ఎవరి గోడ దగ్గర వాళ్ళే చూపించారు. అంతా బాగానే ఉంది గానీ, ఫ్రేములోంచి ఒక్కరూ కదలరు. "మేము లేకుంటే ఇది మా గల్లీ అని ఎట్ల తెలుస్తది?" అన్నాడు భాయ్.

మర్నాడు అంగుళం సారు రెండు పూటల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఎర్ర సుద్ద సంగతి ఒప్పేసుకున్నాను. "గోడలు జరగలే. మనుషులే మస్తుగొచ్చిండ్రు," అని నవ్వి, "తెల్ల సుద్ద తీస్కపో," అన్నాడు.

మొన్న అటు వెళ్ళాను, బట్టతలతో, చేతిలో సెల్‌ఫోనుతో. గోడ అక్కడే ఉంది. నా జాగా కోసం తడుముకుంటుంటే గుమ్మంలోంచి ఒకామె అనుమానంగా చూసింది. చేతులెత్తి, "నిశాన్ పెట్టనమ్మా," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "నువ్వేనా అన్నా! అత్తమ్మ పోయేదాంక నీ ముచ్చటే చెప్పేది. గాడ కాదు, గిటు రా. ఎడమ కాలు గీడ ఉండె."

యాత్రికుడు ఎక్కడ నిలబడ్డాడో ఆ గల్లీలో ఎవరికీ తెలియదు. నా కాలు జాడ మాత్రం అవ్వ తన కోడలికి అప్పజెప్పి పోయింది. మోరీ మీద ఇప్పుడు బండలు పరిచారు. ఆ బండ మీద ఎడమ కాలు పెట్టి ఫొటో తీశాను. కళ్ళు చెమర్చి ఫ్రేము ఎటో జరిగింది, జరగనిచ్చాను.