తీగ చెక్కిన మెట్టు

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో ఇల్లు కట్టుకోవడానికి రాయి కొనేవాళ్లు తక్కువ. ఊరి చివర కూలిపోయిన పాత సరాయి ఒకటి ఉండేది, ఒకప్పుడు బాటసారులు దిగిన బస. బండి కట్టుకుని వెళ్లి ఎవరికి కావలసిన రాయి వాళ్లు తెచ్చుకునేవారు. మా ఇల్లూ అలా లేచిందే. గుమ్మం ముందు మెట్టుగా వేసిన రాయి అంచున సన్నటి తీగ చెక్కి ఉండేది. వచ్చినవాళ్లందరికీ మా నాన్న దాన్ని చూపించి మురిసిపోయేవాడు.

పక్కింటి నానీమా మాత్రం ఆ మెట్టు మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. చెప్పులు దూరంగా విడిచి, ద్వారబంధం పట్టుకుని, పెద్ద అంగ వేసి లోపలికి వచ్చేది. ముసలావిడ చాదస్తమని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం.

ఒక ఏడు అక్కడ నున్నటి షాబాద్ బండ వేయాలని నాన్న పాత రాయిని పెకలించాడు. ఇన్నేళ్లూ బోర్లా ఉన్నది వెల్లకిలా పడింది. దాని నిండా ఉర్దూ అక్షరాలు. చప్పుడు విని వచ్చిన నానీమా కొంగుతో మట్టి తుడిచి, వాటి మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది.

అది వాళ్లమ్మ సమాధి రాయి. వానలకు కబరస్తాన్ గోడ కూలినప్పుడు ఎవరో తీసి సరాయి రాళ్లలో పడేశారట.

నాన్న ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "ఇన్నేండ్లు దీన్ని తొక్కుకుంట తిరిగినం. ఒక్క మాట చెప్పకపోతివి గదమ్మా" అన్నాడు.

"తీగ జూసి మొదటి దినమే గుర్తువట్టిన. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని ఊకున్న బిడ్డా. నీ పెండ్లాం దినాం కడిగి ముగ్గేసింది. కన్నబిడ్డనై నేను గంత చెయ్యలే" అందామె.

ఆ మాటకు అమ్మ ముఖం దాచుకుని లోపలికి వెళ్లిపోయింది. నానీమా తిట్టినా మాకు ఇంత సిగ్గు వేసేది కాదు. నాన్న రాయిని కడిగి, తనే భుజానికెత్తుకుని కబరస్తాన్‌కు నడిచాడు. మేమంతా చెప్పుల్లేకుండా వెనకే వెళ్లాం. తెచ్చిన షాబాద్ బండ ఆ తర్వాత చాలా రోజులు గోడకే ఆనించి ఉండిపోయింది.

ఇప్పుడు ఎయిర్‌పోర్టు దారిలో పాత ఇళ్ల రాళ్లు అలంకారానికి అమ్ముతున్నారు. మొన్న మా అబ్బాయి అలాంటిదొకటి తెచ్చి వాకిట్లో పరిచాడు. తిరగేసి చూపించమన్నాను. కింద ఏమీ లేదు. అయినా కాలు పెట్టబుద్ధి కాలేదు. చెప్పులు విడిచి, ద్వారబంధం పట్టుకుని, పెద్ద అంగ వేసి లోపలికి వెళ్లాను. మనవరాలు నా చాదస్తం చూసి పకపకా నవ్వింది. మేమూ అలాగే నవ్వేవాళ్లం.