గొర్రెల దొడ్డి పొట్టు

మొన్న మా అమ్మాయి తన కాలేజీ పుస్తకం తెచ్చుకొని, ఫ్యాక్టరీల పొగలోని బొగ్గుపులుసు వాయువును ఇంధనంగా మార్చడానికి వట్టి బొగ్గు చాలదట, అందులో కాస్త నత్రజని కలవాలట అని చదివి వినిపిస్తుంటే, కాఫీ చల్లారిపోయేదాకా నేను తలెత్తలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనంతపురంలో నేను చేసిన పరిశోధన అదే. వేరుశనగ పొట్టును గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుతో, కరెంటు సాయంతో, ఆ వాయువును మండే వాయువుగా మార్చాలి. మిల్లు పొట్టుతో రెండేళ్లు తంటాలు పడ్డా ఫలితం లేదు. ఆ ఏడు వానలు లేక మిల్లులూ మూతపడితే, నల్లమాడ దగ్గర మెట్టసేద్యం చేసే మా నాయన ఒక మూట పొట్టు బస్సులో వేసుకొచ్చి ఇచ్చిపోయాడు. దానితో చేసిన బొగ్గు మొదటిసారి పనిచేసింది. నేను గాల్లో తేలిపోయాను.

నెల తిరిగాక రెండో మూటతో వచ్చిన నాయనను మా గైడు గారు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంత మంచి పొట్టు ఎక్కడిదని అడిగారు.

"యాడిది సార్, ఈసారి పంటే లేకపాయె. గొర్రెల దొడ్లో కింద పరిచినదే ఎండబెట్టి తెచ్చినా. ఉచ్చ తగిలింటాది, చేనికైతే అదే బలం."

తోటి విద్యార్థులు గొల్లున నవ్వారు. గైడు గారు నవ్వలేదు, నేనేమంటానో అని నావైపు చూశారు. తల కొట్టేసినట్టయి, ఆయనకేం తెలుసు సార్ అని, ఆ ఫలితాలన్నీ నోటుపుస్తకంలో కొట్టేసి పక్కన ఒక మాట రాశాను. ఏం రాసినావప్పా అని నాయన అడిగితే, మలినం అన్నాను.

"అంటే గలీజనే కదా" అని, తెచ్చిన మూట మళ్లీ భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. నేను గేటుదాకా కూడా వెళ్లలేదు. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్లూ మా ప్రయోగశాల గడప తొక్కలేదు.

కడిగిన పొట్టుతోనే పరిశోధన ముగించి, పొట్టు బొగ్గు పనికిరాదని రాసి పట్టా పుచ్చుకున్నాను. చేనికి బలమిచ్చేది నత్రజని అనీ, ఉచ్చలో ఉండేది అదేననీ నాకు తెలియక కాదు. నాయన నోట వచ్చింది కనుక వినబుద్ధి కాలేదు. ఇప్పటి పిల్లలు తమ పరిశోధనల్లో పేడనూ పెంటనూ పేరుపెట్టి మరీ రాసుకుంటున్నారు, వాళ్లకు ఆ సిగ్గు లేదు.

ఆ నత్రజని ఎక్కడినుంచి తెస్తారో తెలుసా నాన్నా అని మా అమ్మాయి అడిగింది. నేను లేచి, పాత నోటుపుస్తకం వెతికి, మలినం అని రాసిన పేజీ తీసి తన ముందు పెట్టాను.