పసుపు దగ్గర ఆగిన నూనెచుక్క

ఇడుపులపాయలో చదివే రోజుల్లో నా ప్రాణమంతా ఒక నూనెచుక్క మీదే ఉండేది. ఉక్కు పలకకు ఒక కొసన వేడి, రెండో కొసన ఐసు పెట్టి, మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే, అది తనంతట తాను చల్లటి వైపుకు జరగాలి. చల్లగా ఉన్నచోట నూనె పైపొరకు బిగువెక్కువ, ఆ బిగువే చుక్కను లాక్కుపోతుంది. పుస్తకంలో ఇంతే. నా చుక్క మాత్రం కదిలితే ఒట్టు! పలక గరుకుగా ఉందన్నారు సారు. రెండోసారీ కదలకపోతే నా ప్రాజెక్టు పోయినట్టే. క్లాసంతా పై ఏడాదికి పోతే నేనొక్కదాన్నే అక్కడ మిగిలిపోవాలి.

ప్రొద్దుటూరులో మా వీధి కంసాలి మామ ఆ పలకకు నగకు పెట్టినట్టు మెరుగు పెట్టి అద్దంలా చేసిచ్చాడు. దాన్ని గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టుకుని, పొద్దున్నే అట్లాగే బస్సెక్కాను.

ల్యాబులో సారు ముందు గుడ్డ విప్పితే ఏముంది, సగం పలకకు పసుపు పూసి ఉంది! నా ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇట్లాంటి పని చేసేది మా అవ్వే. అక్కడే ఆమెకు ఫోన్ చేశాను.

"అవ్వా, పలకకు పసుపు రాసినావా?"

"రాసినా. కొత్త సామాను ఉత్తగా ఎట్ల పంపేదే? అరవాకు, చెవులు పోతాండాయి."

"కానీమ్మా, టైమవుతోంది," అన్నారు సారు. ఫోన్ బల్లమీద పడేసి, పసుపు లేని కొసకు వేడి, రెండో కొసకు ఐసు పెట్టి, వేడి కొసన చుక్క వేశాను. జరిగింది! నా ఊపిరి ఆగింది. సరిగ్గా పసుపు అంచు దాకా వచ్చి, చుక్క కూడా ఆగిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకాగింది?" అన్నారు సారు.

"పసుపు గరుకు సార్. అంచును పట్టేసింది, లాగే బలం చాలలేదు."

"మరైతే తుడిచి చూపించు."

స్పిరిటుతో మెరిసేదాకా తుడిచి మళ్లీ వేశాను. చుక్క నింపాదిగా బయల్దేరి ఐసు కొస దాకా నడిచింది. ల్యాబంతా ఈలలు. సారు నవ్వుతూ సంతకం పెట్టేశారు. నేనైతే చిన్నపిల్లలా ఎగిరాను.

బల్లమీద ఫోన్ ఇంకా కట్ కాలేదు.

"ఏందే ఆ కేకలు?"

"పాసైనా అవ్వా! పాసైనా!"

"చూసినావా! పసుపు రాయబట్టే!"

అవునన్నాను.